ములిగే సగం

మాస్టారు పోయారన్న సంగతి నాకు ఫోటో స్టూడియో సూరిబాబు ఫోను చేసి చెప్పాడు. ముందు బాగున్నారాండీ అన్నాడు. పిల్లల చదువులడిగాడు. మీ వైపు వానలు పడ్డాయా అన్నాడు. చావు కబురు చల్లగా చెప్పడమంటే ఏమిటో ఆ తర్వాత అర్థమైంది.

"మాస్టారు పోయారండి. నిద్దట్లోనే. పెద్దకర్మకి ఫ్లెక్సీ చెయ్యమన్నారు వాళ్ళ అల్లుడుగారు. పేరు కింద ఏం వెయ్యమంటారు మేడమ్? ప్రొఫెసర్ అని వేసేద్దామా?"

"ప్రొఫెసర్ కాదు సూరిబాబూ. రీడర్‌గా రిటైరయ్యారు."

"పోయినాయనకి ఓ మెట్టు ఎక్కిస్తే ఎవరడుగుతారండీ?"

"ఆయనే అడుగుతారు. వద్దు."

"ఆయ్, నిజవేనండి. అడుగుతారు" అని ఫోను పెట్టేశాడు. నేను క్లాసుకి వెళ్ళి పాఠం చెప్పాను. ఏడుపు రాలేదంటే అబద్ధం అవుతుంది. కానీ క్లాసుంది, పిల్లలు కూర్చుని ఉన్నారు. ఆయన దగ్గర చదువుకున్న దాన్ని కాబట్టి నాకు అదే సబబనిపించింది.

ఆయన రాజమండ్రిలో మా ఇంజనీరింగ్ కాలేజీలో ద్రవాల పాఠం చెప్పేవారు. ఆయన జీవితమంతా చేసిన పని ఒకటే. గట్టి వస్తువేదైనా నీళ్ళలో పడేటప్పుడు, మళ్ళీ నీళ్ళలోంచి పైకి వచ్చేటప్పుడు ఏం జరుగుతుందో కంప్యూటర్లో లెక్క కట్టడం. వినేవాళ్ళకి ఇదేం పనిరా బాబూ అనిపిస్తుంది. నాకూ అనిపించింది. అలమీద ఎగిరిపడిన పడవకి అడుగుచెక్క ఎందుకు పగులుతుంది, వంతెన కోసం నదిలోకి దించే దిమ్మెని క్రేను ఎంత గట్టిగా పట్టుకోవాలి, లారీల్ని రేవు దాటించే పంటు మునిగిపోతే దాన్ని పైకి లాగేటప్పుడు ఏ క్షణంలో తాడు తెగుతుంది, ఇవన్నీ ఆ లెక్కలోవే. నీటిని గళ్ళుగళ్ళుగా విడగొట్టి, ఒక గడిలో నీరు పక్క గడిని ఎంత తోస్తుందో, రెప్పపాటులో ఏ వందో వంతుకో ఒకసారి లెక్కేసుకుంటూ పోవాలి. చేత్తో చెయ్యాలంటే జన్మ చాలదు. అందుకే కంప్యూటరు.

మొదటి క్లాసుకి ఆయన పుస్తకం తేలేదు. ప్యూను చేత బకెట్టుతో నీళ్ళు తెప్పించి బల్లమీద పెట్టించారు. అరచెయ్యి నిలువుగా పెట్టి దించితే చప్పుడు లేకుండా వెళ్ళిపోయింది. అదే చెయ్యి బల్లపరుపుగా పెట్టి ఫెడీమని కొట్టారు. ముందు బెంచీలో ఉన్న ఆడపిల్లలం ఇద్దరం తడిసి ముద్దయ్యాం. "క్షమించండమ్మా" అన్నారు గాని, ఆ మొహంలో క్షమించమనే భావం ఏ కోశానా లేదు.

"చెయ్యి అదే, నీళ్ళూ అవే. మరి దెబ్బెందుకు మారిందండీ?" అన్నారు. విద్యార్థుల్ని కూడా అండీ అనేవారు. మందలించేటప్పుడైతే ఇంకో రెండు అండీలు తగిలించేవారు. "ఇలా రాశారేంటండీ, చదువుకున్నవారండీ మీరు" అంటే అంతకంటే తిట్టు మాకింకోటి ఉండేది కాదు.

తొంభైల మధ్యలో మా కాలేజీలో కంప్యూటర్ గదంటే గర్భగుడితో సమానం. చెప్పులు బయట విప్పాలి. ఆయన ప్రోగ్రాం పొద్దున్న మొదలుపెడితే సాయంత్రం దాకా నడిచేది. మధ్యలో కరెంటు పోతే హరీ. మేం నెత్తి కొట్టుకుంటుంటే ఆయన మాత్రం మానిటర్ మీద చెయ్యేసి, "మనవాడికి ఆకలేసినట్టుంది. మనకీ వేసింది, పదండి" అని క్యాంటీనుకి బయల్దేరేవారు. ప్రోగ్రాం ఆయనకి ఎప్పుడూ మనవాడే, అందులో దాక్కున్న తప్పూ మనవాడే. తప్పు దొరక్కపోతే, "మనవాడు ఎక్కడో నక్కాడమ్మా, తరిమితే రాడు, పిలుద్దాం" అనేవారు. ఈ పిలవడమనేది ఏమిటో నాకు ఇప్పటికీ తెలీదు. పెసరట్టు తింటూ కూర్చుని, సగంలో ఆపేసి, చెయ్యి కడుక్కోకుండా లేచి వెళ్ళడం మాత్రం చాలాసార్లు చూశాను.

ప్రింటర్‌లో వాడేసిన అంచుకి చిల్లులున్న కాగితాలన్నీ ఇంటికి పట్టుకెళ్ళేవారు. వాళ్ళావిడ, మేమంతా అమ్మగారు అనేవాళ్ళం, అలమరల్లో అవే పరిచేవారు, పచ్చళ్ళ జాడీల కిందా అవే. మేం వెళితే కారప్పూస కూడా ఆ కాగితం మీదే పెట్టేవారు. తింటూ ఉంటే కిందనించి చుక్కలు చుక్కలుగా ఒక బంతి బొమ్మ బయటపడేది, సగం దాకా నీళ్ళలో ములిగి.

ఆయనకి పేరు తెచ్చింది ఒక పేపరు. వయసులో ఉన్నప్పుడు రాశారు, విదేశీ పత్రికలో అచ్చయింది. అందులో చెప్పింది చెప్పుకోవడానికి సులువే. వస్తువు నీళ్ళలో పడే లెక్క ఒకసారి వేస్తే, పైకి వచ్చే లెక్క మళ్ళీ వెయ్యక్కర్లేదు, సినిమా రీలుని వెనక్కి తిప్పినట్టు ఆ లెక్కనే వెనక్కి నడిపిస్తే సరిపోతుంది. కంప్యూటర్లు నత్తనడక నడిచే రోజుల్లో సగం పని తప్పిందంటే మాటలు కాదు. ఆ పద్ధతినే చాలామంది వాడారు. నేను ఎం.టెక్‌లో ఆయన దగ్గర చేరేసరికి ఆయన ప్రొఫెసర్ పోస్టుకి పెట్టుకుని ఉన్నారు. ఆ ఏడు వానాకాలంలో ఇంటర్వ్యూ. చూపించుకోవడానికి ఉన్నవాటిలో పెద్దది ఆ పేపరే. రిటైర్మెంటు దగ్గర పడింది కాబట్టి అదే ఆఖరి అవకాశం కూడా. ఈ సంగతి కాలేజీలో ప్యూను దగ్గర్నించి అందరికీ తెలుసు.

నాకు ప్రాజెక్టు ఇచ్చింది ఆయనే. "ఇన్నాళ్ళూ లెక్క చెప్పింది నేను నమ్మాను. నీళ్ళు కూడా ఒప్పుకోవాలి కదమ్మా. మీరు అడిగి చూడండి" అన్నారు. అంటే నిజంగా ఒక బంతిని నీళ్ళలో పడేసి, పైకి లాగి, లెక్కతో పోల్చి చూడాలి. మంచం కోళ్ళు చేసే అతని దగ్గర చెక్క బంతి చేయించాం, ములగాలి కాబట్టి లోపల సీసం పోయించాం. పాత పేపర్లు కొనేవాళ్ళు తూచే స్ప్రింగ్ కాటా ఒకటి, నూతి గిలక ఒకటి. ఫోటో తియ్యడానికి పెద్ద పెద్ద ల్యాబుల్లో వాడే కెమెరాలు మాకెక్కడివి? పెళ్ళిళ్ళ వీడియోలు తీసే సూరిబాబుని మాట్లాడారు.

కాలువలో చేద్దామనుకున్నాం. తీరా అన్నీ సిద్ధమయ్యేసరికి ఎండాకాలం వచ్చి కాలువలు కట్టేశారు. మళ్ళీ వదిలేది జూన్‌లో, ఆ వెంటనే గోదావరికి ఎర్రనీళ్ళు వస్తాయి, బంతి కాదు కదా ఏనుగు ములిగినా కనపడదు. డెల్టాలో పుట్టి పెరిగిన ఇద్దరం కాలువ కట్టేసే రోజులు మర్చిపోయామంటే మమ్మల్ని ఏమనాలి? చివరికి మండపేటలో మాస్టారి మేనమామ కొడుక్కి ఉప్పుడు బియ్యం మిల్లుంది, అక్కడికి పోయాం. ధాన్యం నానబోసే పెద్ద సిమెంటు తొట్లుంటాయి. అసలే దాళ్వా పంట ధాన్యం దిగుతున్న రోజులు. ఒక వాయి తీసి ఇంకో వాయి పోసే మధ్యలో ఒక తొట్టి మాకిచ్చారు, అందులో ధాన్యం నానిన నీళ్ళతో సహా.

సూరిబాబు పనితనం చెప్పాలి. "బంతిని కొంచెం ఇటు తిరగమనండి మాస్టారూ, మొహం మీద లైటు పడట్లేదు" అన్నాడు. మాస్టారు సీరియస్‌గా బంతిని తిప్పారు. టేపు చేతికొచ్చాక చూస్తే, బంతి ములగగానే తెర మధ్యలో ఒక గులాబీ విచ్చుకుంది, అందులోంచి బంతి మళ్ళీ పైకొచ్చింది, వెనకాల సన్నాయి. "ఉత్తినే ఇస్తే బాగోదని మిక్సింగు చేశానండి" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మాస్టారు మాత్రం కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వి, గులాబీ తియ్యొద్దన్నారు. తర్వాత నా వైవాకి వచ్చిన ఎగ్జామినరు కూడా ఆ సన్నాయి వినే మార్కులేశాడు.

ములిగే లెక్క సరిపోయింది. చక్కగా, గీత మీద గీత పడినట్టు. పైకి వచ్చేది సరిపోలేదు. మాస్టారి పద్ధతి ప్రకారం బంతి బయటికొస్తున్నకొద్దీ కాటా ముల్లు మెల్లగా పెరుగుతూ బంతి అసలు బరువు దగ్గరికొచ్చి ఆగాలి. అది అక్కడాగలేదు. దాటి పైకిపోయి, ఆలోచించుకున్నట్టు కాసేపుండి, అప్పుడు వెనక్కి దిగింది. ఎన్నిసార్లు లాగినా అంతే. బంతి ఒక్కటే రావడంలేదు, కొంత నీటిని వెంట పట్టుకుని వస్తోంది. పడేటప్పుడు పక్కకి తప్పుకున్న నీళ్ళు, వచ్చేటప్పుడు వదలడంలేదు.

ఆయన తొట్టిలో చెయ్యి పెట్టి వేళ్ళు రాసి చూసుకున్నారు. "ఇవి నీళ్ళు కాదమ్మా, కుడితి. ధాన్యం నానిన జిగురుంది, అందుకే పట్టుకుంటోంది" అన్నారు. నాకూ ప్రాణం లేచొచ్చింది. అది ధాన్యం ఊళ్ళలో పుట్టినవాళ్ళకి చప్పున తట్టే మాట. అందరం నమ్మేశాం, మిల్లు బావగారితో సహా.

అక్కడితో ఆగిపోవచ్చు. ఆ మాటే థీసిస్‌లో రాసుకోవచ్చు. ఎవరూ కాదనేవారు కాదు. మూడో రోజుకల్లా ఆయన మళ్ళీ మండపేట బస్సెక్కారు, నన్నూ ఎక్కించారు. తొట్టి తోమించి, బోరు నీళ్ళు పట్టించమని అడిగారు.

"మా ఇంట్లో పెళ్ళికి కూడా మిల్లాపలేదు బావా, నీ బంతి కోసం ఆపమంటావేంటి?" అన్నారు మిల్లాయన.

"ఒక్క తొట్టే కదయ్యా."

"తొట్టి సరే, ఇందులో నీకొచ్చేదేంటో చెప్పు."

"అదే చూద్దామని వచ్చాను" అన్నారు మాస్టారు.

తొట్టి తోమారు. తేటనీళ్ళు నిండాయి, అడుగు కనపడుతోంది. బంతిని దించి, లాగాం. ముల్లు దాటింది. మళ్ళీ దించి, లాగాం. మళ్ళీ దాటింది. మాస్టారు తాడు నా చేతిలోంచి తీసుకుని తనే లాగి చూశారు. తర్వాత వెళ్ళి ధాన్యం బస్తాల మీద కూర్చున్నారు. మిల్లు బావగారు దగ్గరికొచ్చి అడిగారు.

"ఏంటి బావా, మంచినీళ్ళయినా అంతేనా?"

"మంచినీళ్ళయినా అంతే."

తిరుగు బస్సులో మాస్టారు కిటికీ పక్కన కూర్చుని ద్వారపూడి దాకా ఎండిపోయిన కాలువకేసి చూస్తూ వచ్చారు. ఆ తర్వాత, "చిన్నప్పట్నించీ నూతిలోంచి చేద తోడినవాణ్ణే. పైకొచ్చేటప్పుడు ఎంత నీరు కారుతుందో చూసినవాణ్ణే" అన్నారు.

నా థీసిస్ ఇంటర్వ్యూకి ముందే ఇవ్వాల్సి ఉంది. అందులో ఆయన పద్ధతి పైకి వచ్చేటప్పుడు పనికిరాదని రాయాలి, కింద గైడుగా ఆయనే సంతకం పెట్టాలి. మా హెడ్డుగారు మంచివారే, మాస్టారి గదికొచ్చి తలుపు చేరవేసి చెప్పారు. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల సార్? ఇంటర్వ్యూ కానీండి, ఆ తర్వాత ఇప్పించండి. కొంపలేం ములిగిపోవు." నేను కూడా ఆగుతానన్నాను, మనస్ఫూర్తిగానే అన్నాను. మాస్టారు కాసేపు ఆలోచించారు. ఆలోచించలేదని అబద్ధమాడను, సుద్దముక్క జేబులోంచి తీసి, మళ్ళీ జేబులో వేసుకుని, చాలాసేపు అదే పని చేశారు.

"మీరు ఆగుతారమ్మా. నేను అక్కడికెళ్ళి తప్పని తెలిసిన ముక్క రైటని చెప్పాలి. ఈ వయసులో నాకు నాటకాలు నేర్పకండి" అన్నారు. "లెక్క తప్పితే దిద్దుకోవచ్చు. తప్పిన లెక్కని వెనకేసుకొస్తే, ఇంక దిద్దుకునేది మనల్నే." సంతకం పెట్టారు. చేతిరాత ఎప్పట్లాగే కోడి గెలికినట్టుంది.

ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చాక ఏమైందని అడిగితే చెప్పారు. వాళ్ళడక్కముందే ఆయనే చెప్పేశారట. కమిటీలో ఒకాయన ఆశ్చర్యపోయి, అయితే మీ పేపరంతా తప్పేనా అన్నారట. "లేదండీ, సగం కరెక్టే, ములిగే సగం అన్నాను. ఒకాయన నవ్వాడు. మిగతావాళ్ళకి నవ్వు రాలేదమ్మా" అన్నారు. ఆ ఒక్కడి నవ్వూ తల్చుకుని తనూ నవ్వారు.

పోస్టు వేరేవాళ్ళకి వచ్చింది. దీనివల్లే అని ఎవరూ ఎక్కడా అనలేదు, నేనూ అనలేను. కానీ ఆ ముక్క చెప్పకుండా ఉండాల్సిందని కాలేజీలో అనుకోనివాళ్ళు లేరు. ఆయన రీడర్‌గానే రిటైరయ్యారు. సన్మానంలో శాలువా కప్పి, ప్రొఫెసర్ గారూ అని ఎవరో నోరుజారితే, మైకు లాక్కుని సరిదిద్దారు.

ఆయన దాన్ని వదిలేశారు. అమ్మగారు వదల్లేదు. ఆవిడకి ఆ పోస్టు మీద ఆశుంది, ఉండడంలో తప్పేముంది? ఆ జీతం కోసం కాదు, ఇన్నేళ్ళూ ఇంట్లో బంతుల బొమ్మల మధ్య కాపరం చేసినందుకు. "ఆ పిల్ల రెండు నెలలు ఆగితే ఏం పోయేది?" అని హెడ్డుగారి భార్యతో అన్నారట. ఆ ముక్క నా దాకా రావడానికి ఎంతసేపు? ఆగుతానన్నానని చెప్పుకోవచ్చు, చెప్పలేదు. చెబితే తప్పు మాస్టారి మీదకి పోతుంది. ఆ తర్వాత కూడా నేను వెళుతూనే ఉన్నాను. కాఫీ ఇచ్చేవారు. పంచదార సరిపోయిందా అని మాత్రం అడిగేవారు కాదు. కారప్పూస ఇంకాస్త వేసుకోమని అనేవారు కాదు. మా వైపు ఇది చిన్న విషయం కాదు. నాకు బాధగానే ఉండేది. మాస్టారు చూసీ చూడనట్టు ఊరుకునేవారు. మొగుడూపెళ్ళాల మధ్య మాటలు ఏమయ్యాయో నాకు తెలీదు.

ఆయన్నించి నేను నేర్చుకున్నది చాలానే ఉంటుంది, ఏదని చెప్పను? పిల్లల జవాబు తప్పయితే ముందు నా ప్రశ్న మళ్ళీ చదువుతాను. నా జవాబు తప్పయితే బోర్డు మీదే కొట్టేసి, కొట్టేసినట్టు కనపడనిస్తాను. డస్టరుతో తుడిచెయ్యను. ఆయనంటే నాకు భక్తి లేదు, భయమూ లేదు. ఇష్టం. ఇది ఆయనుండగా చెప్పి ఉంటే, "అలాగేనండి, ఇంతకీ ఆ గ్రాఫు ఏమైంది" అనేవారు.

రెండేళ్ళ క్రితం నా దగ్గర ప్రాజెక్టు చేసిన పిల్లలు పైకి వచ్చే లెక్కని విడిగా, మొదట్నించీ వేశారు. ఇప్పటి కంప్యూటర్లకి అదెంత పని? బొమ్మ కూడా రంగుల్లో కదులుతుంది. సీడీ పట్టుకుని రాజమండ్రి వెళ్ళాను. ఆయన కంటికి శుక్లాల ఆపరేషనయి అప్పటికి కొన్నాళ్ళే అయింది. మనవరాలి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి వేశాను. తెల్లటి బంతి నీళ్ళ కింద నించి లేచింది. దాని నెత్తిమీద నీటి పొర మీగడలా లేచి సాగింది. బంతి పూర్తిగా బయటికొచ్చేసినా కింద సన్నగా నీళ్ళు దాన్ని పట్టుకునే ఉన్నాయి. ఆయన ఆపమన్నారు. కొంచెం వెనక్కి తిప్పమన్నారు. ఆపమన్నారు.

అప్పుడు వంటింటి వైపు తిరిగి పిలిచారు. "ఏమేవ్, ఇలా రా ఓసారి."

అమ్మగారు తడిచెయ్యి తుడుచుకుంటూ వచ్చి వెనకాల నిలబడ్డారు. ఆయన తెరమీద వేలు పెట్టి, కొత్తగా కొన్న ఇంటి స్థలం హద్దు చూపించినంత సంబరంగా చూపించారు. "బంతి వచ్చేసిందా? ఇదిగో, ఈ నీళ్ళు చూడు. ఇక్కడే నేను తప్పాను."

"ఈ నీళ్ళకా?" అన్నారావిడ.

"ఈ నీళ్ళకే."

అమ్మగారు ఆయన మొహంకేసి చూశారు, తెరకేసి చూశారు. నేను కీబోర్డు కేసి చూస్తూ కూర్చున్నాను. ఆవిడ మెడలో వేలాడుతున్న కళ్ళజోడు పెట్టుకుని, కుర్చీ ఒకటి లాక్కుని, ఆయన పక్కన కూర్చున్నారు.

"మళ్ళీ ఓసారి వెయ్యమ్మా" అన్నారు.

వేశాను. బంతి లేచింది, దాని వెంట నీళ్ళు లేచాయి. మాస్టారు ఏదో చెప్పబోతుంటే ఆవిడ ఆయన చెయ్యి పక్కకి నెట్టి, తెరకి బాగా దగ్గరగా వంగి, ఈసారి తనే వేలు పెట్టారు.